డయలర్‌లో వీడియో బటన్ వెలగట్లేదు, వ్యాసంలో చెప్పినవన్నీ చేశాను

గాలిపటం:
నాలుగు గంటలుగా దీంతోనే కుస్తీ. యాప్ లేకుండా, ఇంటర్నెట్ లేకుండా నేరుగా నంబరుకే వీడియో కాల్ చేసుకోవచ్చని, 4జీ ఫోన్ ఏదైనా చాలని ఒక టెక్ పేజీలో రాశారు. నాది 4జీ ఫోనే. కాంటాక్టు తెరిస్తే వీడియో గుర్తు బూడిదరంగులో ఉంది, నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ ఆపి వేశాను, సిమ్ తీసి పెట్టాను, నెట్‌వర్క్ సెట్టింగులు రీసెట్ చేస్తే వైఫై పాస్‌వర్డులన్నీ పోయాయి. ఇక ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే మిగిలింది. చేసేయమంటారా?

మూడోగీత:
వద్దు. ఏ ఫోను? సిమ్ ఏ స్లాట్‌లో ఉంది? అవతలివాళ్లది ఏ నెట్‌వర్క్, ఏ ఫోను?

పాతరేడియో:
వీడియో కాల్ మీద పత్రికలు ఇలా రాయడం కొత్తేమీ కాదండీ. 2010లో ఐఫోన్ 4తో ఫేస్‌టైమ్ వస్తే, మొబైల్ వీడియో కాల్ ఆ రోజే పుట్టినట్టు రాసేశారు. జపాన్‌లో క్యోసెరా వీపీ-210 వచ్చింది 1999లో. సెకనుకు రెండు ఫ్రేములే, అయినా వీడియో కాలే. 2001 అక్టోబరులో అక్కడి ఫోన్ కంపెనీ డొకోమో 3జీ మొదలుపెట్టినప్పుడూ ఆ సదుపాయం ఉంది. సెకనుకు 64 కిలోబిట్ల సర్క్యూట్ లైను (మామూలు ఫోన్ కాల్‌లా ఆ కాల్‌కే కేటాయించిన లైను), 176×144 పిక్సెళ్ల బొమ్మ, అంతే. నిజంగా ఇంటర్నెట్ లేని వీడియో కాల్ అంటే అదీ. ఫేస్‌టైమ్ అయితే మొదట్లో వైఫై ఉంటేనే పనిచేసేది, మొబైల్ డేటా మీద నడవడానికి 2012లో ఐఓఎస్ 6 రావాల్సివచ్చింది. ఫోన్ ముందు కెమెరా పెట్టింది కూడా వీడియో కాల్ కోసమే, సెల్ఫీల కోసం అని రాసేవాళ్లు...

మూడోగీత:
ఆవు వ్యాసం తర్వాత. ముందు ఆయన బటన్ సంగతి చూద్దాం.

తీగమల్లె:
గాలిపటం గారూ, మీరు అడుగుతున్నది విల్టే. 4జీ మీదే వెళ్లే మాట కాల్ వోల్టే, దానికి బొమ్మ కలిపితే విల్టే. 4జీ ఫోన్ ఏదైనా చాలన్న మాటే తప్పు. ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో మీ ఆపరేటర్ ప్రొఫైల్, అంటే ఆ నెట్‌వర్క్‌కి తగ్గ సెట్టింగులు, ఉండాలి, ఆపరేటర్ మీ సిమ్‌కి వీడియో తెరిచి ఉంచాలి, అవతలివాళ్లకీ ఈ రెండూ ఉండాలి. ఒకే మోడల్ అయినా వేరే దేశం కోసం తయారైన ఫోన్‌లో ఆ ప్రొఫైల్ ఉండకపోవచ్చు.

ఊహించడం ఎందుకు, ఫోన్నే అడగండి. డయలర్‌లో *#*#4636#*#* కొట్టండి. ఫోన్ ఇన్ఫర్మేషన్‌లోకి వెళ్లి, పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, ఐఎంఎస్ సర్వీస్ స్టేటస్ తెరవండి (ఐఎంఎస్ అంటే 4జీ మీద కాల్స్ నడిపే ఆపరేటర్ వ్యవస్థ). కొన్ని కంపెనీలు ఈ తెర మూసేస్తాయి, మీ దాంట్లో వస్తే అదృష్టం. అక్కడ ఐఎంఎస్ రిజిస్ట్రేషన్, వోల్టే, వైఫై కాలింగ్, వీడియో కాలింగ్ అని వరుసగా కనిపిస్తాయి. మొదటిదే 'నాట్ రిజిస్టర్డ్' అంటే వోల్టే ఆఫ్‌లో ఉంది, లేదా సిమ్ 4జీలో లేదు. పాత డ్యూయల్ సిమ్ ఫోన్లలో రెండో స్లాట్‌కి 4జీ అందదు, అందుకే స్లాట్ అడిగారు. పై రెండూ బాగుండి వీడియో ఒక్కటే 'అన్‌అవైలబుల్' అంటే వెతకాల్సిన చోటు బాగా తగ్గినట్టే. అదే పేజీలో 'ప్రొవిజన్డ్' అని స్విచ్‌లు ఉంటాయి, వాటి జోలికి పోకండి.

గాలిపటం:
తెర వచ్చింది. సిమ్ మొదటి స్లాట్‌లోనే ఉంది. రిజిస్టర్డ్ అంది, వోల్టే అవైలబుల్ అంది. వీడియో కాలింగ్ మాత్రం అన్‌అవైలబుల్.

మూడోగీత:
మొబైల్ డేటా ఆన్‌లో ఉందా?

గాలిపటం:
ఆఫ్. ఇంటర్నెట్ లేకుండా అన్నారు కదా, అందుకే పొద్దుటి నుంచీ ఆపే ఉంచాను.

మూడోగీత:
ఆన్ చెయ్యండి.

తీగమల్లె:
నాలుగు గంటలూ ఇక్కడే పోయాయన్నమాట. మొబైల్ డేటా ఆపితే చాలా నెట్‌వర్క్‌లలో వీడియో కాలింగ్ కూడా ఆగిపోతుంది. మాట మాత్రం వెళ్తుంది, అందుకే వోల్టే అవైలబుల్ అని చూపించింది. 'యాప్ అక్కర్లేదు' అన్నదాన్ని ఆ విలేఖరి 'డేటా అక్కర్లేదు' అని రాసేసినట్టున్నాడు. బొమ్మ భాగాన్ని డేటాగా లెక్కగట్టే ఆపరేటర్లూ ఉన్నారు. సెకనుకు అటు 500, ఇటు 500 కిలోబిట్లు అనుకుంటే నిమిషానికి 7.5 మెగాబైట్లు, గంటకు 450. మీ ప్లాన్ ఒకసారి చూసుకోండి.

పాతరేడియో:
ఇక్కడ విలేఖరిని తప్పుపట్టలేం. విల్టే ఇంటర్నెట్ మీద నడవదు. ఐఎంఎస్‌కి వేరే ఏపీఎన్ (నెట్‌వర్క్‌లోకి వెళ్లే ద్వారం), వేరే బేరర్ (ప్యాకెట్లు నడిచే దారి). నెట్‌వర్క్‌లో మాటకి క్యూసీఐ 1, వీడియోకి క్యూసీఐ 2 అని తరగతి నంబర్లు వేసి విడిగా దారి ఇస్తారు. ప్యాకెట్లు ఆపరేటర్ గడప దాటి బయటి ఇంటర్నెట్‌లోకి పోనక్కర్లేదు. కాబట్టి 'ఇంటర్నెట్ లేకుండా' అన్నది అక్షరాలా నిజం.

తీగమల్లె:
అక్షరాలా నిజమే. కానీ చదివేవాడికి ఇంటర్నెట్ ఆపడమంటే డేటా స్విచ్ ఆపడమే, ఆయన చేసిందీ అదే. స్విచ్ మీద 'మొబైల్ డేటా' అని ఉంటుంది గానీ బేరర్ అని ఉండదు.

పాతరేడియో:
అయితే తప్పు స్విచ్‌కి పేరు పెట్టినవాడిది.

పెన్సిల్‌ముక్క:
ముందు కెమెరా 32 మెగాపిక్సెల్ అయితే వీడియో కాల్ స్పష్టంగా వస్తుందని కూడా రాస్తున్నారు. 1280×720 బొమ్మలో ఉండేవే 9,21,600 పిక్సెళ్లు, ఒక మెగాపిక్సెల్ కూడా కాదు. 640×480 అయితే 3,07,200. మొహం మీద వెలుతురు తక్కువైతే చిత్రంలో నలుసులు పెరుగుతాయి. ఉన్న కాస్త బిట్‌రేటూ (సెకనుకు పంపగలిగే డేటా) ఆ నలుసుల్ని మోయడానికే పోతుంది, మొహం గళ్లుగళ్లుగా విడిపోతుంది. దీపం ఎదురుగా పెట్టుకోండి, కిటికీ మీ వెనక ఉండకూడదు. కెమెరా మార్చినా ఇంత తేడా రాదు.

మూడోగీత:
ఇక్కడ అసలు బొమ్మే రాలేదు.

గాలిపటం:
డేటా ఆన్ చేశాక ఒక నంబరుకి వెలిగింది, కాల్ కూడా కలిసింది. ఇంకో నంబరుకి మాత్రం ఇంకా బూడిదరంగే. రెండూ ఒకే నెట్‌వర్క్.

మూడోగీత:
ఆ రెండోది ఐఫోనా?

గాలిపటం:
అవును. అది చెప్పాలా?

మూడోగీత:
మొదటే అడిగాను. ఐఫోన్ డయలర్‌లో కనిపించే వీడియో గుర్తు ఫేస్‌టైమ్‌ది. విల్టే ఉండదు.

తీగమల్లె:
వెలిగిన నంబరు విషయంలోనూ ఒక మాట. గూగుల్ ఫోన్ యాప్‌లో అదే గుర్తు కొన్నిసార్లు గూగుల్ వాళ్ల వీడియో కాల్ యాప్ మీట్‌కి తీసుకెళ్తుంది. మీట్ తెర వస్తే మీరు చేసింది ఇంటర్నెట్ కాలే. మామూలు కాల్ తెరలోనే బొమ్మ వస్తే విల్టే. ఇంకోటి, కదులుతూ 4జీ దాటి 3జీలోకి వెళ్తే సాధారణంగా మాట మాత్రమే మిగులుతుంది, బొమ్మ పోతుంది. అది ఫోన్ లోపం కాదు, మళ్లీ రీసెట్లు చేయకండి.

గాలిపటం:
మామూలు కాల్ తెరే వచ్చింది. ఐఫోన్‌వాళ్లకి వాట్సాప్‌లో చేసుకుంటా. థాంక్స్. వైఫై పాస్‌వర్డులు వెనక్కి తెచ్చే దారి ఏమైనా ఉందా?

పాతరేడియో:
అన్నట్టు ఫేస్‌టైమ్‌ని అందరూ వాడుకునే ఓపెన్ స్టాండర్డ్ చేస్తామని 2010లో స్టీవ్ జాబ్స్ వేదిక మీదే ప్రకటించారు. ఆ మాట ఏమైందో వెనక్కి తిరిగి అడిగిన పత్రికలెన్ని?

మూడోగీత:
పాస్‌వర్డులకి వేరే చర్చ పెట్టండి.