బ్లాక్ ఫంగస్‌కి పై దవడ తీసేశారు, ప్లేటు కుదరట్లేదు. ఎవరికైనా అనుభవం ఉందా?

మా మామయ్యకి షుగర్ ఎప్పటినుంచో ఉంది, మందులు మాత్రం గుర్తొచ్చినప్పుడే. పై పన్ను పీకించుకున్నాక పుండు మానలేదు, చెంప వాచి మొద్దుబారింది, అంగిట్లో నల్లటి మచ్చ కనిపించేసరికి పెద్దాసుపత్రికి పరుగెత్తాం. బయాప్సీలో మ్యూకర్, అంటే బ్లాక్ ఫంగస్ అని తేలింది, 2021లో కోవిడ్ తర్వాత అందర్నీ వణికించిందే. కోవిడ్ రాకపోయినా షుగర్ అదుపు తప్పితే చాలట. కుడివైపు పై దవడ తీసేశారు, కిడ్నీ పరీక్షలు చేస్తూ ఫంగస్‌ని చంపే ఆంఫోటెరిసిన్ మందు ఎక్కించారు, ఇప్పుడు అదే ఫంగస్‌కి పోసాకొనజోల్ మాత్రలు నడుస్తున్నాయి. కన్ను దక్కింది, అదే పదివేలు.

ఇప్పుడు అసలు బాధ తిండి. అంగిట్లో రంధ్రానికి పెట్టిన ప్లేటు వదులైంది, మజ్జిగ తాగితే సగం ముక్కులోంచి వచ్చేస్తోంది, మాట కూడా ముక్కుతోనే, అందుకే నలుగురిలో కూర్చోవడం మానేశారు. గాయం ఆరేకొద్దీ ఆకారం మారుతుంది కాబట్టి పర్మనెంట్ ప్లేటు ఇప్పుడే వద్దంటున్నారు డాక్టర్లు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగుంటే ఎన్నాళ్లకి వేశారు? చెంప ఎముకకి స్క్రూలు బిగించి పళ్లు కట్టే పద్ధతి షుగర్ ఉన్నవాళ్లకి నిలిచిందా? విజయవాడ చుట్టుపక్కల ఇలాంటి ప్లేట్లు బాగా చేసేవాళ్లు తెలిస్తే చెప్పండి. షుగర్ పెరగకుండా మెత్తగా దిగే తిండి ఏం పెట్టారో కూడా, రాగిజావ మొహం మొత్తిందంటున్నారు. పసుపు, లవంగ నూనె చిట్కాలు మాత్రం వద్దండీ, బంధువులు చెప్పినవే చాలు.