రేవు చేరని ఓడా, చేరబోని ఓడా?

వానకోయిల:
అందరికీ నమస్కారం. మొన్న ఒక సాహిత్య సభలో ఒకాయన మెక్సికో మూలాలున్న అమెరికన్ కవయిత్రి లోర్నా డీ సెర్వాంటెస్ 'శరణార్థుల ఓడ' కవితను తన తెలుగులో చదివారు. చివరి పాదం 'రేవు చేరబోని ఓడ' అన్నట్టు నా చెవిలో ఉండిపోయింది. పక్కన కూర్చున్నావిడేమో 'చేరని' అనే విన్నానంటారు. ఆ 'బో' ఉందా లేదా అని అప్పట్నుంచీ ఒకటే తొలుపు. మూలంలో ఇంగ్లీషు పాదం 'ద షిప్ దట్ విల్ నెవర్ డాక్', దాని కిందే అదే మాట స్పానిష్‌లో 'ఎల్ బార్కో కే నుంకా అత్రాకా'. మీరైతే ఏది రాస్తారు?

తద్ధర్మం:
'బో' అక్కర్లేదండీ. ఇంగ్లీషు పాదంలో 'విల్' ఉంది కాబట్టి అది భవిష్యత్తు. స్పానిష్ 'అత్రాకా'ను అందరూ వర్తమానం అని వదిలేస్తారు. నన్నడిగితే అది మన వ్యాకరణాల్లోని తద్ధర్మం. సూర్యుడు తూర్పున ఉదయించును అంటామే, ఆ 'ఉదయించును'. రేవు చేరకపోవడం ఈ ఓడ స్వభావం. పైగా మన వ్యతిరేక విశేషణానికి కాలమే లేదు. చేరిన, చేరుతున్న, చేరే, ఈ మూడింటికీ ఎదురు 'చేరని' ఒక్కటే. ఆవిడ రెండు భాషల్లో రెండు పాదాలుగా రాసింది తెలుగులో మూడక్షరాల్లో ఇమిడిపోతుంది. 'బో' పెడితే స్పానిష్ పాదం ఎగిరిపోతుంది.

వానకోయిల:
ఇమిడిపోవడమే నాకు అభ్యంతరం మాస్టారూ. ఆవిడ రెండుసార్లు చెప్పిందాన్ని మనం ఒక్కసారికి కుదించడం ఏం న్యాయం? 'చేరబోని ఓడ', దాని కింద 'చేరని ఓడ', రెండూ ఉండాలి.

రేవుగట్టు:
'బో' సంగతి అలా ఉంచండి, అసలు 'చేరు' అన్న క్రియే సరిపోదు. అత్రాకార్ అంటే ఓడను గట్టు పక్కకు తెచ్చి, ఆనించి, తాళ్లతో కట్టడం. మా కాకినాడ లంగరు రేవులో పెద్ద ఓడలు గట్టుదాకా రావు. దూరాన లంగరేసుకుని నిలబడితే సరుకు బార్జీల్లో వస్తుంది, పోతుంది. ఆ ఓడ రేవు చేరినట్టే, కానీ కట్టలేదు. కవితలో అమ్మాయి స్థితి అచ్చంగా అదే. అమ్మమ్మ కళ్లెదుటే ఉంది, తన ఒంటిరంగు కంచురంగే, జుట్టు నలుపే, పేరు స్పానిష్ పేరే. అన్నీ కనుచూపు మేరలో ఉన్నాయి, ముడి మాత్రం పడలేదు. 'గట్టుకు కట్టని ఓడ' అనాలి. 'ఒడ్డు చేరని' అనేవాళ్లూ ఉంటారు, వాళ్లతో మరీ పేచీ. ఒడ్డున పడటం అంటే కష్టాలు తీరడం, ఆ అర్థం ఇక్కడికి లాక్కురాకూడదు.

తద్ధర్మం:
అర్థం ఒప్పుకుంటాను, చెవి ఒప్పుకోదు. 'గట్టుకు కట్టని' అంటే రెండు ద్విత్వ ట-కారాలు వరసగా తగులుతాయి. 'నుంకా అత్రాకా'లో రెండు 'కా'లు తెరుచుకుని ఆగుతాయి చూడండి. చివర దీర్ఘం మీద ఆపాలి.

రెండో పాఠం:
స్పానిష్ నేర్చుకుంటున్నదాన్ని. అత్రాకార్‌కు దారికాచి దోచుకోవడం అనే అర్థం కూడా ఉంది. దోపిడీని అత్రాకో అంటారు. ఎప్పుడూ దోచని ఓడ! శరణార్థులే బందీలుగా ఉన్న ఓడ గురించి ఆ రెండో అర్థం వెనకాల మోగడం లేదంటారా?

పాత సంచికలు:
మోగదమ్మా. దోపిడీ అర్థంలో ఆ మాట స్పెయిన్‌లో ఎక్కువ, మెక్సికో వాళ్లు మామూలుగా అసాల్తార్ అంటారు. ఈ కవిత మెక్సికోలో చదివిన కవిత. 1974లో ఆవిడ సోదరుడి నాటక బృందంతో కలిసి మెక్సికో సిటీలో చికానో (మెక్సికో మూలాల అమెరికన్ల) నాటకోత్సవానికి వెళ్లింది. చివరి నిమిషంలో నువ్వూ ఏదైనా చదువు అంటే ఈ కవితలోంచే చదివింది. అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. ఇంట్లో స్పానిష్ మాట్లాడనివ్వలేదు, బయట పిల్లల్ని చులకన చేస్తారన్న భయంతో. అమ్మ నన్ను భాష లేకుండా పెంచింది అనే పాదాన్ని, ఆ భాష పుట్టినప్పటినుంచీ మాట్లాడే జనం ముందు నిలబడి చదవడం ఎలా ఉంటుందో ఊహించండి. అందుకే చివరి స్పానిష్ పాదం అనువాదం కాదంటాను. అది అమ్మమ్మ గొంతు.

వానకోయిల:
అమ్మమ్మ గొంతా! కవితలో అమ్మమ్మ ఒక్క మాటైనా మాట్లాడదు కదండీ. బైబిలు పక్కన పెట్టుకుని కళ్లద్దాలు తీస్తుంది, అంతే.

పాత సంచికలు:
మాట్లాడదు కాబట్టే చివర్లో ఆ పాదం ఆమెకు దక్కాలి. అయినా మనం ఈ ఒక్క కవిత దగ్గరే ఆగిపోతున్నాం. 1981లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ప్రెస్ వేసిన ఆవిడ మొదటి కవితా సంపుటి 'ఎంప్లుమాదా'కు 1982లో అమెరికన్ బుక్ అవార్డు వచ్చింది, అది అందరూ చెప్పేదే. అంతకు ముందు ఆవిడ చేసిన పని నాకు ఇంకా పెద్దది. 1976లో 'మాంగో' అని పత్రిక పెట్టింది. అచ్చుపని తానే నేర్చుకుంది. శాన్ హోసేలోని ఆ మాంగో ప్రెస్ నుంచే 1980లో సాండ్రా సిస్నెరోస్ మొదటి చిన్న కవితా సంపుటి వచ్చింది. ఆల్బెర్టో రియోస్, జిమ్మీ సాంటియాగో బాకా పుస్తకాలూ అక్కడివే. పెద్ద ప్రచురణకర్తలు ఎవరూ తలుపు తీయని రోజుల్లో, తన పుస్తకం రాకముందే, తోటివాళ్ల పుస్తకాలు వేసిన మనిషి. చిన్న పత్రిక నడిపినవాళ్లకు తెలుస్తుంది అదెంత పనో. రాత్రి ప్రూఫులు, పొద్దున తపాలా, ఈ మధ్యలో సొంత కవిత రాసుకోవాలి.

రెండో పాఠం:
సిస్నెరోస్ నవల 'ద హౌస్ ఆన్ మాంగో స్ట్రీట్' పేరులోనూ మాంగో ఉంది కదా, 1984లో వచ్చినది. ఈ ప్రెస్ పేరు నుంచే వచ్చిందేమో!

పాత సంచికలు:
పేర్లు కలిశాయని బంధుత్వం కలపకూడదమ్మా. ఆ నవలలోది షికాగో వీధి.

280 మీద:
శాన్ హోసేలో ఉంటాను. ఆవిడ ఫ్రీవే నీడ కవిత చదివాక ఇంటర్‌స్టేట్ 280 మీద మామూలుగా డ్రైవ్ చేయలేకపోతున్నాను. ఆ కవితలో ఫ్రీవే గుడ్డి పురుగులా లాస్ ఆల్టోస్ నుంచి సాల్ సి ప్వేదెస్ దాకా లోయను చుట్టేస్తుంది. సాల్ సి ప్వేదెస్ అంటే 'చేతనైతే బయటపడు'. నిజంగానే ఇక్కడి పేటకు ఆ పేరు, రైతుకూలీల నాయకుడు సీజర్ చావెస్ ఉన్న పేట. ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు. అమ్మమ్మ రాణి, అమ్మ బెదురు ఎరగని యోధురాలు, అమ్మాయి లేఖరి. ఉత్తరాలు అనువదించడం, ప్రభుత్వ కాగితాలు చదివి చెప్పడం, అన్నీ ఆ పిల్ల పనే. ఇక్కడ మన తెలుగు ఇళ్లలోనూ తాతయ్య, అమ్మమ్మలకు వచ్చే ఉత్తరాలు మనవరాళ్లే చదివి చెప్తారు, వచ్చీరాని తెలుగులో. నా కూతురికి 'చేరని' తెలుసు, 'చేరబోని' తెలియదు. నా ఓటు 'చేరని'కే.

తద్ధర్మం:
ఓట్లతో తేలేది కాదనుకోండి, అయినా సంతోషం.

పాత సంచికలు:
లేఖరి అన్న మాట బాగా పట్టుకున్నారు. ఆవిడ జీవితమంతా ఆ పనే. బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు కవిత్వం రాయడం నేర్పింది. 1991లో రెండో సంపుటి, 2006లో మరొకటి. మధ్యలో పదేళ్లు, పదిహేనేళ్లు ఖాళీ ఉందని విమర్శకులు లెక్కలేస్తారు. పాఠం చెప్పడం, పత్రిక నడపడం ఆ లెక్కలోకి ఎందుకు రావో నాకు అర్థం కాదు.

రేవుగట్టు:
చివరి పాదం మీద ఇంత కొట్టుకుంటున్నాం, మొదటి పాదం ఎవరూ ముట్టుకోలేదు. 'తడి కార్న్‌స్టార్చ్‌లా అమ్మమ్మ కళ్ల ముందునుంచి జారిపోతాను' అంటుంది. ఆ సభలో ఆయన దాన్ని ఏమన్నారు? గంజి అన్నారా?

వానకోయిల:
'జావలా' అన్నారు. అది మాత్రం బాగా గుర్తు.

రేవుగట్టు:
జావ తప్పు. జావ అప్పటికే ఉడికింది. ఇక్కడ పిండి ఇంకా పచ్చిది, నీళ్లలో కలిపినది. ఆ తర్వాతే పుడ్డింగ్ చిక్కబడుతుంది. ముందే జావ అనేస్తే చిక్కబడటానికి ఇంకేం మిగిలింది?

280 మీద:
కార్న్‌ఫ్లోర్ అనేద్దాం. ఇక్కడా అక్కడా అందరి వంటింట్లో డబ్బా మీద ఉండే పేరే.

తద్ధర్మం:
కార్న్‌ఫ్లోర్ అంటే పాదం బరువెక్కుతుంది. 'తడిపిండిలా' అంటే చాలదా?

రేవుగట్టు:
చాలదండీ. తడిపిండి అనగానే మనకు బియ్యప్పిండి, సంక్రాంతి అరిసెలు. ఆ అమ్మమ్మది మొక్కజొన్న తినే నేల. మొక్కజొన్న పోతే సగం మెక్సికో పోయినట్టే.