వట్టికోట సభ: ఎవరెవరు ఏం చూసుకుంటారో ఇక్కడే చెప్పండి

అందరికీ నమస్తే. ఫిబ్రవరి మొదటి శనివారం లైబ్రరీ హాల్ దొరికింది, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా. తెలంగాణ రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి పోయింది 1961 ఫిబ్రవరి 5న, అందుకే ఆ వారం. మంచు పడితే ఏం చేయాలన్నది అప్పుడు చూద్దాం.

ముందు ఫ్లయర్ సంగతి. ‘కమ్యూనిస్టు’ అన్న మాట తీసేసి ‘సాహితీవేత్త’ అని పెడితే గొడవుండదని ఒకరు మెసేజ్ పెట్టారు. నాకైతే మనసొప్పట్లేదు. నిజాం కాలంలో తెలంగాణ జనం కోసం పనిచేసిన ఆంధ్ర మహాసభలో తిరిగి, పార్టీలో చేరి, ఏళ్ళ తరబడి జైళ్ళలో ఉన్న మనిషి ఆయన. అది దాచిపెట్టి ఆయన ‘జైలు లోపల’ కథల గురించి ఏం మాట్లాడతాం? ఆ రాజకీయాలు నచ్చనివాళ్ళూ వస్తారు, రానీండి, ప్రశ్నలకి అరగంట ఉంచాం కదా.

ఇంకోటి. నిజామాబాద్ జైల్లో కవి దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసిన ముచ్చట, పక్కనే వట్టికోట ఉన్న ముచ్చట అందరూ చెప్తారు. వక్తలిద్దరూ అదే ఎత్తుకుంటే టైమంతా దానికే పోతుంది, ఒక్కరే చెప్పేటట్టు చూడండి. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, పంతుళ్ళ ఇళ్ళల్లో వంట చేస్తూ చదువు నేర్చుకుని, హోటల్లో సర్వర్‌గా, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దుతూ బతికినవాడు 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల ఎట్లా పెట్టగలిగాడన్నది నాకు అంతకన్నా పెద్ద ముచ్చట. పుస్తకాలు అచ్చేయించి ఊరుకోలేదు, మూట భుజానేసుకుని ఊరూరా తిరిగి తనే అమ్మాడు.

అందుకని బుక్ స్టాల్‌ని ఎప్పట్లా సమోసాల పక్కన మూలకి నెట్టొద్దు. నలుగురు వలంటీర్లు గుడ్డ సంచులు భుజాన వేసుకుని కుర్చీల మధ్య తిరుగుతూ అమ్మాలి. ఆయన నవలలు ‘ప్రజల మనిషి’, ‘గంగు’ రెండూ కావాలి. డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు సూట్‌కేస్‌లో కాస్త చోటు ఉంచండి (పచ్చళ్ళు కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది). పైసలు సంఘమే ఇస్తుంది.

నాటిక ‘ప్రజల మనిషి’ నుంచే. హీరో కంఠీరవం వేషానికి ఇద్దరు సిద్ధంగా ఉన్నారు, దొర వేషానికి మాత్రం ఎవరూ ముందుకు రావట్లేదు!

—

అక్కా, దొర వేషం నేనేస్తా, మీసం మీరు చూసుకోండి. ఒక్క మాట, పదిహేను నిమిషాలు దాటొద్దు, పోయినసారి నాటిక అవ్వకముందే సగం మంది టీకి లేచారు. ఇంకా, ‘గంగు’ ఆయన పూర్తి చేయకుండానే పోయారు, పుస్తకం తర్వాత వచ్చింది. అమ్మేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే చివర్లో పేజీలు పోయాయని తిరిగి తెచ్చిస్తారు.

—

నేను జనవరి మొదటి వారం తిరిగొస్తున్నా అక్కా, పాతిక కాపీల దాకా తేగలను. ఏది ఎన్ని కావాలో రేపటికల్లా చెప్తే కోఠీలో అడుగుతా. సంచులు కూడా అక్కడే కొననా? ఫ్లయర్ మాత్రం ఉన్నది ఉన్నట్టే వేద్దాం, నా ఓటు అటే.

—

సంచులు కూడా తెచ్చెయ్ తమ్ముడూ, గట్టివి చూసి. కమిటీ కాల్ ఆదివారం పొద్దున పదింటికి, ఫ్లయర్ అక్కడే తేలుద్దాం.