మెషీన్ రాసిన మైగ్రేషన్‌ని మెర్జ్‌కి ముందు తీసేసి మళ్లీ రాయించుకోవచ్చా?

ప్రశ్న:
జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ఒక ఫీచర్ బ్రాంచ్ మీద, అంటే మెయిన్ కోడ్‌లో ఇంకా కలపని (మెర్జ్ కాని) కాపీ మీద పని చేస్తున్నాను. మోడల్ (టేబుల్ నిర్మాణం చెప్పే కోడ్) మార్చిన ప్రతిసారీ మేక్‌మైగ్రేషన్స్ కమాండ్ కొట్టడంతో చిన్న చిన్న మైగ్రేషన్ ఫైళ్లు (ఆ మార్పుని డేటాబేస్‌లో చేసేవి) పోగుపడ్డాయి. ఒకదాంట్లో చేర్చిన కాలమ్‌ని తర్వాతి దాంట్లో తీసేశాను కూడా. మెర్జ్‌కి ముందు అన్నీ తీసేసి ఒకే ఫైలుగా చేద్దామని నేనంటున్నాను. కమిట్ అయిన మైగ్రేషన్ జోలికే పోకూడదని టీమ్‌లో కొందరంటున్నారు. మీరేమంటారు?

జవాబు 1:
ముట్టుకోకండి. ఏ మైగ్రేషన్లు నడిచాయో జాంగో డేటాబేస్‌లోనే ఒక టేబుల్‌లో పేర్లతో సహా రాసుకుంటుంది. పేరు మారిన ఫైలు దానికి కొత్త ఫైలే. ఉన్న కాలమ్‌నే మళ్లీ చేర్చబోయి ఎర్రర్ ఇస్తుంది. ఫైళ్లు మరీ ఎక్కువైతే వాటిని కుదించే స్క్వాష్‌మైగ్రేషన్స్ కమాండ్ ఉంది కదా.

జవాబు 2:
నడిచిన ఫైళ్ల విషయంలో పైవారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ మీ లాప్‌టాప్ దాటని ఫైలు చిత్తుప్రతి మాత్రమే. చూడాల్సింది కమిట్ అయిందా అని కాదు, ఇంకొకరి డేటాబేస్ మీద నడిచిందా అని. నడవకపోతే నిస్సంకోచంగా మార్చండి. ముందు మైగ్రేట్ కమాండ్‌తో బ్రాంచ్ మొదలుకు ముందున్న నంబరుకి వెనక్కి వెళ్లండి, ఆ తర్వాతే ఫైళ్లు తీసేయండి. ఫైళ్లు ముందే పోతే వెనక్కి వెళ్లే దారి కూడా పోతుంది. రన్‌పైథాన్‌తో (మైగ్రేషన్‌లో మన పైథాన్ కోడ్ నడిపేది) చేత్తో రాసిన డేటా మార్పులుంటే విడిగా దాచుకోండి, వాటిని మేక్‌మైగ్రేషన్స్ తిరిగి రాయలేదు.

ఫైళ్లు ఎన్నున్నాయన్నది నాకు పెద్ద విషయం కాదు. వాటిని ఎవరూ చదవకపోవడమే నా టెన్షన్. కాలమ్ పేరు మారిస్తే జాంగో కనీసం "పేరు మార్చారా?" అని అడుగుతుంది. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీతో వాడే మైగ్రేషన్ టూల్ అలెంబిక్‌లోని ఆటోజనరేట్ అదీ అడగదు. పాత కాలమ్‌ని డ్రాప్ చేసి కొత్తది చేర్చమని రాసేస్తుంది. చూడకుండా నడిపితే ఆ కాలమ్‌లోని డేటా అంతా పోయినట్టే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలు ఇండెక్స్ (వెతుకులాట వేగం కోసం పెట్టేది) చేర్చే మైగ్రేషన్‌ని కూడా చూడాల్సిందే, ఆ ఇండెక్స్ తయారయ్యేంతసేపూ ఆ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి. పెద్ద టేబుల్ అయితే రాతలు ఆపకుండా ఇండెక్స్ కట్టే యాడ్‌ఇండెక్స్‌కన్‌కరెంట్‌లీ పెట్టి, మైగ్రేషన్ ఒకే ట్రాన్సాక్షన్‌లో (ఫెయిలైతే అన్నీ వెనక్కి వచ్చే గుంపు) నడవకుండా అటామిక్‌ని ఫాల్స్ చేయాలి. ఇవి మనిషి చూసి మార్చాల్సినవే.

జవాబు 1:
ఒప్పుకుంటాను, కానీ మై‌ఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు "ఒకే ఫైలు" దగ్గర ఆగి ఆలోచించాలి. అక్కడ స్కీమా మార్పులు ట్రాన్సాక్షన్‌తో వెనక్కి రావు. పెద్ద ఫైలు మధ్యలో ఫెయిలైతే సగం మార్పులు టేబుళ్లలో ఉండిపోతాయి, జాంగో మాత్రం అది నడవలేదనే అనుకుంటుంది. మిగతాది చేత్తో సరిచేసుకోవాల్సిందే. అందుకే నాకు చిన్న ఫైళ్లే నయం.

ప్రశ్న అడిగినవారు:
మాది పోస్ట్‌గ్రెస్సే. కాకపోతే ఈ బ్రాంచ్ స్టేజింగ్‌లో (విడుదలకు ముందు పరీక్షించే సర్వర్) ఇప్పటికే నడిచింది.

జవాబు 2:
అయితే ఆ ఫైళ్లను అలాగే ఉంచండి. మెర్జయి, అన్ని డేటాబేస్‌ల మీదా నడిచాక స్క్వాష్ చేసుకోవచ్చు.