చార్జర్‌లో పచ్చ లైటు ఉన్నా క్రేన్ దగ్గర ఆగిపోతున్న వాకీటాకీలు: బ్యాటరీ ఎలా పరీక్షించాలి?

ప్రశ్న:
కోకాపేటలో ఒక హైరైజ్ సైట్‌లో సేఫ్టీ చూస్తున్నానండి. టవర్ క్రేన్ ఆపరేటర్‌కీ, కింద సిగ్నల్ ఇచ్చేవాళ్లకీ మధ్య వాకీటాకీలే ఆధారం. రాత్రి చార్జింగ్ పెడితే పొద్దునకల్లా అన్నిటికీ పచ్చ లైటు వస్తోంది. మధ్యాహ్నం కాకముందే కొన్ని సెట్లు బటన్ నొక్కగానే బీప్ కొట్టి ఆగిపోతున్నాయి. మీటర్ పెడితే మాత్రం వోల్టేజీ బాగానే ఉంది. అన్నీ మార్చేయమని సప్లయర్ అంటున్నాడు. వీటిలో నిజంగా పోయినవి ఏవో తెలుసుకోవచ్చా? కొన్ని ప్యాకుల మీద 7.2 వోల్టులనీ, కొన్నిటి మీద 7.4 అనీ ఉంది.

జవాబు:
ఆ చివరి మాట చూసి టెన్షన్ వచ్చింది, ముందు దాని గురించే చెప్తాను. 7.2 అని ఉన్నవి చాలావరకు నికెల్ రకం, 1.2 వోల్టుల సెల్స్ ఆరు. 7.4 అంటే లిథియం అయాన్, రెండు సెల్స్. లిథియం ప్యాకులు కొన్నిటి మీద కూడా 7.2 అని వేస్తారు కాబట్టి లేబుల్ మీద రకం పేరు చదవండి. రెండూ ఒకే చార్జర్‌లో పెడుతుంటే ఈరోజే ఆపేయండి. నికెల్ చార్జర్ ప్యాకు నిండాక వోల్టేజీ కాస్త తగ్గడం చూసి, లేదా వేడి చూసి ఆగుతుంది. లిథియంలో వోల్టేజీ అలా తగ్గదు. చార్జర్ ఆగకుండా తోస్తూనే ఉంటే ప్యాకు ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా. లిథియంకి 8.4 వోల్టుల దగ్గర పట్టి ఉంచే చార్జరే కావాలి.

ఇక మీ అసలు ప్రశ్న. లోడ్ లేకుండా, అంటే ప్యాకు నుంచి కరెంటు లాగకుండా, మీటర్‌లో కనిపించే వోల్టేజీతో ఏమీ తేలదు. పాతబడిన ప్యాకులో లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఊరికే ఉన్నప్పుడు నిండుగా చూపిస్తుంది, బటన్ నొక్కి మాట్లాడేటప్పుడు ఆంపియర్ పైన లాగేసరికి కూలిపోతుంది. కాబట్టి లోడ్ పెట్టి చూడాలి. 4.7 ఓమ్‌లు, 25 వాట్ల రెసిస్టర్ ఒకటి తెచ్చుకోండి. ఫుల్ చార్జ్ అయిన ప్యాకుని ఒక గంట పక్కన పెట్టి, వోల్టేజీ రాసుకోండి. తర్వాత రెసిస్టర్ కలిపి పది సెకన్లు మీటర్ చూడండి. అర వోల్టు లోపు పడితే ఫరవాలేదు. ఒక వోల్టు దాటి పడితే దాన్ని క్రేన్ దగ్గరికి పంపొద్దు.

మధ్యలో ఉన్నవాటికి కెపాసిటీ టెస్ట్ చేయాలి. 22 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌తో నెమ్మదిగా ఖాళీ చేస్తూ టైమ్ చూడండి. నికెల్ అయితే 6.0 వోల్టుల దగ్గర, లిథియం అయితే 6.4 దగ్గర ఆపేయాలి. అంతకంటే కిందికి దించితే ప్యాకే పాడవుతుంది, అందుకే దగ్గర మనిషి ఉండాలి. 1500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, ప్యాకు కెపాసిటీ కొలత) ప్యాకు ఇలా దాదాపు నాలుగున్నర గంటలు రావాలి. 80 శాతం కంటే తక్కువ, అంటే మూడు గంటల 35 నిమిషాల్లోపే అయిపోతే తీసేయండి. రెసిస్టర్ బాగా కాలుతుంది, చెక్క మీద పెట్టకండి.

ఇంకొకరి జవాబు:
పైన చెప్పింది సరైనదే, ఒకటి కలుపుతాను. డబ్బా మీద రాసే గంటలు సాధారణంగా 5-5-90 లెక్క: 5 శాతం మాట్లాడటం, 5 శాతం వినడం, మిగతాది ఊరికే ఉండటం. ఉజ్జాయింపుగా ఊరికే 70, వినేటప్పుడు 200, మాట్లాడేటప్పుడు 1500 మిల్లీ ఆంపియర్లు అనుకోండి. 1500 ఎంఏహెచ్ ప్యాకు ఆ లెక్కలో పది గంటలు వస్తుంది. సిగ్నల్ మనిషి లిఫ్ట్ నడుస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటాడు. 20-20-60 వేసుకుంటే అదే ప్యాకు నాలుగు గంటలే. అంటే మీ బ్యాటరీలు కొన్ని బాగానే ఉండి కూడా మధ్యాహ్నానికి అయిపోతుండొచ్చు. ప్రతి సిగ్నల్ మనిషికీ స్పేర్ ప్యాకు ఇచ్చి, భోజనానికి ముందే మార్పించండి. మాట ఆగితే హుక్కు కూడా ఆగాలన్న నియమం ఆపరేటర్‌కి ప్రతి ఉదయం గుర్తుచేయండి. తలల మీద బరువు వేలాడుతున్నప్పుడు ఊహించి నడపకూడదు.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండి. చార్జర్లు రేకుల షెడ్డులో ఉన్నాయి, వేసవిలో కొలిమే. సిమెంట్ దుమ్ము కూడా ఎక్కువే. ఒక 7.4 ప్యాకు కాస్త ఉబ్బినట్టుంది, ఇంకా పనిచేస్తోంది. వాడొచ్చా?

మొదటి జవాబిచ్చినవారు:
వద్దండి, పనిచేస్తున్నా వద్దు. చార్జ్ చేయకండి, నొక్కకండి, గుచ్చకండి. రెండు కొనలకీ టేపు వేసి, కాలిపోయే సామాను లేనిచోట ఇసుక బకెట్‌లో పెట్టండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించే బాధ్యత తయారీదారులది. సప్లయర్‌ని వెనక్కి తీసుకోమని అడగండి, చెత్తలో మాత్రం వేయొద్దు.

చార్జర్లని సైట్ ఆఫీసులోకి మార్చండి. 45 డిగ్రీలు దాటిన చోట లిథియం చార్జ్ చేయకూడదు. వేడిలో నికెల్ కూడా సరిగ్గా నిండదు. ఎండలోంచి తెచ్చిన ప్యాకుని చల్లారాకే పెట్టాలి, సెట్టు ఆఫ్ చేసే పెట్టాలి. వారానికోసారి ప్యాకు, చార్జర్ కాంటాక్టుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. దుమ్ము వల్ల సగమే చార్జయ్యేవి మీ లాట్‌లో ఉండొచ్చు, అందుకే తుడిచాకే టెస్ట్ మొదలుపెట్టండి. ప్రతి ప్యాకు మీద నంబరు, టెస్ట్ చేసిన తేదీ, వచ్చిన నిమిషాలు మార్కర్‌తో రాస్తే సప్లయర్‌తో మాట్లాడేటప్పుడు ఏవి మార్చాలో మీరే చూపించవచ్చు.