అప్‌డేట్: రెండో ఫ్లోరా, ఐదో ఫ్లోరా? తేలిపోయింది
మియాపూర్‌లో మొదటి ఫ్లాట్ కొంటున్నాం, స్టిల్ట్ ప్లస్ ఐదు (కింద పార్కింగ్, పైన ఐదు అంతస్తులు) బిల్డింగ్‌లో రెండో ఫ్లోరా, ఐదోదా అని అడిగాను కదా. చివరికి రెండూ కాకుండా మూడో ఫ్లోర్ తీసుకున్నాం!

రెండోదాని బాల్కనీ ముందే ట్రాన్స్‌ఫార్మర్. ఐదోదాంట్లో గాలి భలే ఉంది. కానీ మీలో ఒకరు చెప్పినట్టు మే నెలలో వెళ్లి చూస్తే, రాత్రి తొమ్మిదైనా స్లాబ్ సెగ తగ్గలేదు. పైగా అత్తయ్యగారు సీలింగ్ మూలన తడి మరక చూపించేసరికి బిల్డర్ మాట మార్చాడు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం నిర్మాణ లోపాలకు ఐదేళ్లు అతనిదే బాధ్యత, నిజమే. కానీ వాళ్ల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది?

లిఫ్ట్‌కి జనరేటర్ ఉంది కాబట్టి అత్తయ్యగారి మోకాళ్ల టెన్షన్ లేదు. యూడీఎస్ (బిల్డింగ్ స్థలంలో మా వాటా) ఎన్ని గజాలో అగ్రిమెంట్‌లో రాయించాం. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) వచ్చాకే చివరి విడత డబ్బు కడతాం. పార్కింగ్ మాత్రం స్తంభం పక్కన ఇచ్చారు, దాని మీద ఇంకా గొడవ నడుస్తోంది.