‘సస్పెక్ట్ ఎక్స్’ తర్వాత ఏ జపాన్ క్రైమ్ నవల చదవాలి?

ప్రశ్న:
కీగో హిగషినో ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ ఆదివారం మొదలుపెట్టి తెల్లవారుజామున మూడింటికి ముగించాను. హత్య చేసిందెవరో మొదట్లోనే చెప్పేసి కూడా అంత టెన్షన్ పెట్టాడు. ఆ లెక్కల మాస్టారు ఇషిగామి ఇంకా కళ్ల ముందే ఉన్నాడు. నాకు జపనీస్ రాదు, ఇంగ్లీషు అనువాదాలే దిక్కు. చిక్కుముడి కన్నా మనుషులు గుర్తుండిపోయే నవలలు చెప్పండి. ఎక్కువగా ఎంఎంటీఎస్‌లో చదువుతాను.

జవాబు 1:
అయితే మియుకి మియాబే ‘ఆల్ షీ వాజ్ వర్త్’ చదవండి. జపాన్‌లో 1992లో వచ్చింది. మోకాలి గాయంతో సెలవులో ఉన్న పోలీసు హోన్మా దగ్గరికి, చనిపోయిన భార్య తరఫు బంధువొకడు వస్తాడు. పెళ్లి చేసుకోబోయే అమ్మాయి కనబడటం లేదు, వెతికిపెట్టమంటాడు. వెతకగా తేలేదేంటంటే, ఆ అమ్మాయి ఆ పేరు గల మనిషే కాదు. వెనకాలంతా క్రెడిట్ కార్డులు, అప్పులు, దివాలా.

నేను బ్యాంకు రికవరీలో పదకొండేళ్లు చేశాను. ఫోన్ మోగితే ఉలిక్కిపడే ఇళ్లు చూశాను. ఈ నవలలో ఒక లాయరు ఉంటాడు. రోడ్డు ప్రమాదానికి డ్రైవర్ ఒక్కడిదే తప్పంటే ఎలా, రోడ్డు సంగతేంటని అడుగుతాడు. అప్పుల్లో మునిగిన వాళ్ల గురించి ఆ మాట అంటాడు. అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. వాళ్లంతా దుబారా మనుషులని నేనూ చాలా ఏళ్లు అనుకున్నవాణ్ణే.

జవాబు 2:
నత్సువో కిరినో ‘ఔట్’. టోక్యో శివార్లలో భోజనం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీ, రాత్రి షిఫ్టు, నలుగురు ఆడవాళ్లు. ఒకామె మొగుణ్ణి చంపేస్తుంది, తోటివాళ్లు శవాన్ని మాయం చేస్తారు. చాలా క్రూరంగా ఉంటుంది, ముందే చెబుతున్నా.

జవాబు 3:
రైల్లో చదువుతారు కాబట్టి సెయిచో మత్సుమోతో ‘టోక్యో ఎక్స్‌ప్రెస్’. చిన్న పుస్తకం. టోక్యో స్టేషన్‌లో 13వ ప్లాట్‌ఫామ్ నుంచి 15వ ప్లాట్‌ఫామ్ మీది రైలు కనబడేది నాలుగే నిమిషాలు, కథంతా దాని మీదే నడుస్తుంది. ‘పాయింట్స్ అండ్ లైన్స్’ అన్నది దీని పాత అనువాదమే, రెండూ కొనకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్ అండీ. మా నాన్నగారు కూడా అప్పులతో నలిగినవారే, అందుకే ముందు మియాబే.

జవాబు 1:
అయితే నిదానంగా చదవండి. ముగింపు అర్ధంతరంగా ఉందనిపించవచ్చు. నాకైతే ఆపాల్సిన చోటే ఆపిందనిపించింది. చదివాక మీకెలా అనిపించిందో తప్పకుండా రాయండి.